జార్జి రాజుల దీపం

దెయ్యాలంటే నాకు భయం లేదు, చులకన. మదనపల్లెలో సైన్సు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. చింతచెట్టు మీద దెయ్యముందని ఏడ్చిన పిల్లల్ని ఆ చెట్టు కిందనే కూర్చోబెట్టి పాఠం చెప్పినదాన్ని. కాబట్టి దీన్ని ముసలమ్మ చాదస్తమని కొట్టిపారేయకండి. మెల్లగా, వరసగా చెప్తాను. అర్థం కాకపోతే మళ్లీ మొదటినుంచి చదవండి.

ముందు మా అల్లుడి సంగతి. పేరు గిరీష్. టమోటా మండీలో వ్యాపారం. ఒక సీజన్‌లో టమోటా ధర ఆకాశానికి ఎగిసింది. దాంతోపాటు మా అల్లుడూ ఎగిశాడు. ధర తర్వాత దిగివచ్చింది గానీ, ఈయన మాత్రం దిగలేదు. పుంగనూరు రోడ్డులో ఇల్లు లేపాడు. హాలుకు రెండంతస్తుల ఎత్తు పెట్టాడు. తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. ఇంత ఎత్తు యాలప్పా అని అడిగితే, మా కూతురు సుప్రజ జవాబు చెప్పింది.

"ఆడ షాండ్లియర్ వస్తాది మా. జార్జియన్ స్టైల్‌ది."

"జార్జియన్ అంటే ఏందో తెలుసునా నీకు?"

"ఫోన్‌లో సూసినాం లే. రాజుల ఇండ్లల్లో ఉంటాదంట."

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇంగ్లండును జార్జి అనే పేరుగల రాజులు ఒకరి వెనక ఒకరు ఏలిన కాలం ఒకటుంది. ఆ కాలపు గొప్పింటి హాళ్లలో వేలాడదీసిన గాజు దీపాల గుత్తులివి. నడుమ గాజు కాండం. దాన్నుంచి కొంగ మెడల్లా వంగిన గాజు చేతులు. ఒక్కో చేతి కొసన ఒక కొవ్వొత్తి గిన్నె. అంచుల నిండా చెక్కిన గాజు బొట్లు. కరెంటు లేని రోజులు కదా, కొవ్వొత్తి వెలుగు ఆ బొట్ల మీద పడి ఇల్లంతా పరుచుకునేది. తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ స్విచ్చి వేస్తే కళ్లు జిగేలుమనే ఇంట్లో దానికేం పని? అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. మా అల్లుడు పట్టపగలు కొవ్వొత్తి పట్టమన్నాడు. అంతే తేడా.

మొదట కుప్పం పోయాము. అక్కడ సాయికుమార్ అనే అతనికి పాత సామాన్ల అంగడి ఉంది. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. మూడు రాష్ట్రాల పాత ఇండ్ల తలుపులూ, ఉయ్యాల బల్లలూ, గోడ గడియారాలూ వచ్చి ఆయన అంగట్లో పడి ఉంటాయి. మమ్మల్ని చూడగానే "అంతా ఒరిజినల్ యాంటిక్ సార్" అని మొదలుపెట్టాడు. నేను ఒక గుత్తి నుంచి వేలాడుతున్న బొట్టును పట్టుకుని చెంపకు ఆనించుకున్నాను.

"ఏం చేస్తాండావు మా? అందురూ సూస్తాండారు" అని సుప్రజ గొణిగింది.

"సూడనీ. మంచి గాజు చెంపకు చల్లగా తగులుతుంది. ఇది ప్లాస్టిక్కు. ఆ పక్కది గాజే గానీ, బొట్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా ఉండాయి. చేత్తో చెక్కితే ఒకటున్నట్టు ఇంకొకటి ఉండదు. పాత గాజులో రవ్వంత బూడిదరంగు కూడా ఉంటుంది. ఇవి కొత్త గిన్నెల మాదిరి తళతళలాడుతుండాయి. ఏమప్పా సాయికుమారూ, ఈ జార్జి రాజు పోయిన సంవత్సరం గానీ ఏలినాడా?"

కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లవాడిలా నవ్వాడు అతను. తర్వాత గిరీష్ వైపు వంగి గొంతు తగ్గించాడు. "అసలుది కావాలంటే ఒకటి ఉండాది సార్. పుంగనూరు అవతల ఒక పాత బంగళా. దాన్ని కొట్టేస్తాండారు. సామాన్లు నాకే ఇస్తామన్యారు. రేపు పోయి సూద్దామా?"

అల్లుడి మొహం వెలిగింది. వాడి ఇంటికి ఇంకో దీపం అక్కర్లేదని అప్పుడే అనుకున్నాను.

మరుసటి రోజు పుంగనూరులో సుప్రజకు వేరే పని కూడా ఉంది. అక్కడున్న అత్తగారి బంధువులను గృహప్రవేశానికి పిలవాలి. కుంకుమ భరిణె సంచిలో వేసుకుని వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో ఆడమనిషిని శుభకార్యానికి పిలవాలంటే నోటిమాట చాలదు, బొట్టు పెట్టి పిలవాలి. అట్లా పిలిచిన మనిషి వస్తే తాంబూలం చేతికివ్వకుండా పంపకూడదు. తాంబూలం అందేదాకా ఆమె మన ఇంటి పేరంటాలే. ఇది గుర్తుపెట్టుకోండి. మళ్లీ అడుగుతాను.

పిలుపులు ముగించుకుని బంగళాకు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. లోపల మాత్రం సాయంకాలంలా ఉంది. కిటికీలన్నీ మూసి పలకలు కొట్టేశారు. గబ్బిలాల కంపు. దాని అడుగున ఇంకో వాసన... కాలిన మైనం వాసన. ఎన్నో ఏళ్లుగా మనుషులు లేని ఇంట్లో ఎవరు కొవ్వొత్తి ఆర్పారా అనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను.

హాలు నడుమ బూజు పట్టి వేలాడుతోంది అది. అసలుదే. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఏ బొట్టూ ఇంకో బొట్టులా లేదు. గాజులో వాన మబ్బు ఛాయ ఉంది. దాన్ని పట్టిన తాడు పైకప్పుకున్న గిలక మీదుగా పోయి, మూల గోడ వెంట కిందికి దిగింది. అట్లాంటి దీపాలను వెలిగించేటప్పుడు కిందికి దించి, మళ్లీ పైకి లాగేవాళ్లు.

ఆ మూలన ఒక ముసలామె నిలబడి ఉంది. వెలిసిపోయిన నూలు చీర. బోసి నుదురు. రెండు చేతులూ తలకన్నా పైకెత్తి తాడు పట్టుకుని ఉంది. మా వైపు చూడలేదు. దీపం వైపే చూస్తోంది. బంగళా కాపలా మనిషేమో అనుకున్నాను.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? గిలక చూడగానే పాఠం గుర్తొచ్చింది. పైకప్పుకు బిగించిన గిలక బరువును తగ్గించదు పిల్లలూ. లాగే దిక్కును మారుస్తుంది, అంతే. పట్టుకున్న చేతుల మీద మొత్తం బరువూ ఉంటుంది.

"గోడకు మేకుందే, దానికి కట్టెయ్యొచ్చు కదమ్మా?" అన్నాను. 

సుప్రజ నవ్వుతూ ఆమె దగ్గరికి పోయింది. "ఏం అవ్వా, దీపాన్ని వదల్లేకుండా ఉండావా? అది మా ఇంటికొస్తాండాది. నువ్వూ రా. ఇదిగో, బొట్టు పెట్టుకో" అని భరిణె మూత తీసి చాపింది.

"నాకా?" అంది ముసలామె. చాలా కాలంగా వాడని గొంతు.

"నీకే."

"చేతులు ఖాళీ లేవు తల్లీ. నువ్వే పెట్టు."

సుప్రజ ఆ బోసి నుదుట బొట్టు పెట్టింది. వెనకనుంచి గిరీష్ కిసుక్కున నవ్వాడు. "రానీ, రానీ. గిన్నెలు తోమను మనిషి కావాల గదా మనకు."

కారెక్కాక నేను కోప్పడ్డాను. "బొట్టుతో ఆటలేందే? పిలిస్తే పిలిచినట్టే."

"ఊరికే అన్యాను లే మా. ఆ ముసలిదానికి బస్సెక్కను కూడా తెలీదు. యాడొస్తాది?"

*

గృహప్రవేశం ఎట్లా జరిగిందో చెప్పడానికి నాకు సిగ్గు. పుంగనూరు జాతి ఆవును దూడతో సహా బాడుగకు తెచ్చారు. నడుమంత ఎత్తు కూడా లేని ఆవు, దాని చుట్టూ ఫోన్లు పట్టుకుని మనుషులు. పంతులు మంత్రం చెబుతుంటే గిరీష్ ఆవు మెడ చుట్టూ చెయ్యి వేసి ఫోటోకు నవ్వుతున్నాడు. ఆవు పాలరాతి మీద పేడ వేసింది. ఆ హాల్లో జరిగిన సహజమైన పని అదొక్కటే.

దీపాల గుత్తి పైన వేలాడుతోంది. దాన్ని తోమి, కొవ్వొత్తి గిన్నెల్లో కొవ్వొత్తి ఆకారం బల్బులు పెట్టారు. తాడూ గిలకా లేవు. స్లాబులోని ఇనుప కొక్కేనికి స్టీలు గొలుసు. వచ్చినవాళ్లంతా నోళ్లు తెరుచుకుని పైకి చూశారు. ఆవు మాత్రం పైకి చూడలేదు. హాలు మూలన, ఎవరూ లేని గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది. దాన్ని ముగ్గురు పట్టి లాగాల్సి వచ్చింది.

భోజనాల దగ్గర సాయికుమార్ కనబడితే అడిగాను. "దీపం దించేటప్పుడు ఆ ముసలామె ఏమన్నా అనిందా అప్పా?"

"యే ముసలామె?"

"బంగళాలో తాడు పట్టుకోనుండె గదా."

సాయికుమార్ ముద్ద కలపడం ఆపాడు. "ఆమె మీ మనిషి కదమ్మా? మీతోనే వచ్చిందనుకున్యాను నేను. ఆ బంగళాకు కాపలా ఎవరూ లేరే."

 అతనే మళ్లీ అన్నాడు. "ఇంకొకటమ్మా. మేము నిచ్చెన తీస్కోని పోయేసరికి దీపం నేల మీదికి దించి ఉండాది. ఒక్క బొట్టు పగల్లేదు. మీరే దింపించినారేమో అనుకున్యాము."

దీనికి ఒక కారణం ఉంటుంది అనుకున్నాను. ప్రతిదానికీ ఉంటుంది. అట్లా అనుకుంటూనే మూల వైపు చూడకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను.

సాయంత్రానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. గిరీష్ వాళ్లమ్మ మునీశ్వరిని పుంగనూరులో దింపిరావడానికి పోయాడు. సుప్రజ మేడ మీద స్నానానికి పోయింది. కొత్త ఇంట్లో మొదటి రోజు దేవుడి దీపం కొండెక్కకూడదు కాబట్టి నేను పూజగదిలో నూనె పోస్తున్నాను. మనవరాలు వెన్నెల హాల్లో ఆడుకుంటోంది. బడిలో చేర్చి ఏడాది కూడా కాలేదు దాన్ని. ఆ ఇంట్లో నేను లెక్కచేసేది ఏదన్నా ఉందంటే ఆ పిల్లే.

గాలి లేచింది. ఎక్కడో తలుపు కొట్టుకుంది. కరెంటు పోయింది.

"వెన్నెలా, భయపడొద్దు. ఆన్నే ఉండు. దీపం తెస్తాను."

అది పలకలేదు.

ప్రమిద చేత్తో పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాను. ముందు వాసన తగిలింది. కాలిన మైనం. బల్బులు పెట్టిన గుత్తికి మైనం వాసన ఎట్లా వస్తుంది?

తర్వాత చప్పుడు.

కిర్ర్...

ఆగింది.

కిర్ర్...

గిలక తిరిగే చప్పుడు. ఆ ఇంట్లో గిలక లేదు.

ప్రమిద ఎత్తాను. గాజు బొట్లన్నీ ఒక్కసారిగా మెరిశాయి. నా తల పైన కాదు... నా కళ్ల ఎదుట. గుత్తి దిగివస్తోంది. వెన్నెల సరిగ్గా దాని కింద మఠం వేసుకుని కూర్చుని ఉంది. కొస బొట్టు దాని తల వెంట్రుకలను తాకుతోంది.

"వెన్నెలా... ఇట్ల రా తల్లీ."

"రాను అవ్వా." పెదవులు మాత్రమే కదిలాయి.

"యాల?"

"కదిలితే వదిలేస్తానంటాంది."

"ఎవురు?"

వెన్నెల తల తిప్పలేదు. కళ్లు మాత్రం మూలకు తిప్పింది.

నేను చూడదలచుకోలేదు. కానీ చూశాను. ప్రమిద వెలుగు మూల దాకా అందలేదు. పైకెత్తిన రెండు చేతులు తెలిశాయి. నుదుట ఎర్రగా ఒక చుక్క తెలిసింది. అంతే.

మునుపు అడుగుతానన్నాను కదా, ఇప్పుడు అడుగుతున్నాను. బొట్టు పెట్టి పిలిచిన మనిషి వస్తే ఏం చెయ్యాలి? పొద్దుటినుంచి ఊరందరికీ తాంబూలాలిచ్చాము. పిలిచినామెకు ఇవ్వలేదు. ఆమె ఇంకా మా ఇంటి పేరంటాలే.

ప్రమిద నేల మీద పెట్టాను. బల్ల మీద మిగిలిన పళ్లెం తీసుకున్నాను. తమలపాకులు, వక్క, అరటిపండు, రవికగుడ్డ. మూలకు పోయాను. పళ్లెం ముందుకు చాపాను.

"అమ్మా... తాంబూలం తీసుకో. బిడ్డనొదిలిపెట్టు."

 తర్వాత నా చెవి పక్కనే, చల్లగా...

"ఎట్ల తీసుకునేది తల్లీ... చేతులు ఖాళీ లేవు."

"నీ కొంగులో వేస్తాను."

"పేరంటాలికి తాంబూలం చేతికిస్తారు."

కిర్ర్...

వెనక వెన్నెల చిన్నగా మూలిగింది. గాజు బొట్లు దాని భుజాల మీద గలగలమన్నాయి.

"ఒక్క గడియ... పట్టుకుంటావా?"

పట్టుకుంటాను అన్నానో లేదో నాకు తెలియదు. పళ్లెం కింద పెట్టి చేతులు పైకెత్తాను. చీకట్లోంచి తాడు నా అరచేతుల్లోకి వచ్చింది. గరుకుగా ఉంది. తడిగా ఉంది. ఎవరో అప్పటిదాకా పట్టుకున్న చోట మాత్రం... వెచ్చగా ఉంది.

ఆ వెంటనే బరువు.

భుజాలు ఊడిపోతాయనుకున్నాను. గిలక బరువును తగ్గించదు... తగ్గించదు... అనుకుంటూ పళ్లు బిగించి లాగాను. గుత్తి జానెడు లేచింది.

"పరిగెత్తే!"

వెన్నెల పరిగెత్తింది. మెట్ల మీద దాని ఏడుపు, పైనుంచి సుప్రజ కేక వినబడ్డాయి. నా పక్కన పళ్లెం నేల మీదినుంచి లేచిన చప్పుడు. వట్టి పాదాలు నన్ను దాటి నడిచాయి. తొందర లేదు వాటికి. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, బయటికి పోయాయి.

కరెంటు వచ్చింది.

గుత్తి పైన, దాని చోట్లో, స్టీలు గొలుసుకు వేలాడుతోంది. నేను మూలన గోడకు మొహం పెట్టి, చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాను. చేతుల్లో ఏమీ కనబడటం లేదు. బరువు మాత్రం ఉంది.

*

"అత్తకు వయసైంది" అన్నాడు గిరీష్, వచ్చి విని. ఆ రాత్రంతా నవ్వాడు. పొద్దున డాక్టరు ఇంటికి వచ్చి, భుజాలు పట్టేశాయి, కాపడం పెట్టండి అన్నాడు. నా అరచేతుల్లో గుచ్చుకున్న తాడు పీచు సంగతి అడిగితే, చూడనట్టు సంచి సర్దుకున్నాడు.

దీపం దించెయ్యమని సుప్రజ ఏడ్చింది. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని ఎక్కారు. కొక్కెం నుంచి గొలుసు విప్పారు. గొలుసు వాళ్ల చేతికి వచ్చింది. గుత్తి మాత్రం ఎక్కడుండేది అక్కడే ఉండిపోయింది. వాళ్లు చాలాసేపు చూశారు. మళ్లీ గొలుసు తగిలించి, దిగి, కూలి కూడా అడక్కుండా వెళ్లిపోయారు. ఆనాటినుంచి గిరీష్ నవ్వడం లేదు.

అందరూ పక్కకు తప్పుకుంటే తాడు వదిలెయ్యొచ్చు కదా అంటారు. మంచి ప్రశ్న. నేనూ అదే అనుకున్నాను. వెన్నెలను పుంగనూరులో మునీశ్వరి ఇంటికి పంపించి, హాలు ఖాళీ చేయించి, వేళ్లు కొంచెం సడలించాను. పైన కిర్రుమంది. సుప్రజ ఫోను మోగింది. పుంగనూరునుంచి మునీశ్వరి. నిద్రపోతున్న పిల్ల కెవ్వుమని లేచిందట. దిండు మీద, తల పక్కనే, ఒక గాజు బొట్టు పడి ఉందట. వానమబ్బు ఛాయ ఉన్నది. మా గుత్తిలో ఒక కొక్కెం ఖాళీగా ఉంది.

మళ్లీ వేళ్లు బిగించాను. నిద్రలో సడలకుండా సుప్రజ నా మణికట్లకు పాత చీర పేలిక చుట్టి గోడకు మేకు కొట్టి దానికి కట్టింది. ముద్దలు పెట్టేది తనే. ఇది రాసేది కూడా తనే. నేను చెబుతున్నాను.

నిన్న సాయికుమార్ ఒకామెను వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు యమున. కుప్పంలో కొత్త ఇల్లు కడుతున్నారట. అసలైన జార్జియన్ కావాలట, మా గుత్తిని కొంటుందట. ఒంటినిండా సెంటు, నోటినిండా ఇంగ్లీషు. గాజును చెంపకు ఆనించి చూడాలని కూడా తెలియదు. ఆమె కొడుకు, మాటలు కూడా సరిగ్గా రానివాడు, గుత్తి కింద గిరగిరా తిరిగి ఆడుకున్నాడు. పోతూ పోతూ ఆమె మూలనున్న నన్ను చూసింది. పాపం అనుకుందో, నవ్వులాటకు అనుకుందో. సంచిలోనుంచి భరిణె తీసింది.

"మీరు కూడా రండి అవ్వా మా గృహప్రవేశానికి. మీ దీపమే కదా!"

వద్దనాలి. పిలిస్తే పిలిచినట్టేనమ్మా అని, మీ పిల్లవాణ్ని తీసుకుని పో అని చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. సుప్రజ నా వైపు చూసింది. తర్వాత వెన్నెల ఖాళీ మంచం వైపు చూసింది.

"చేతులు ఖాళీ లేవు తల్లీ" అన్నాను. "నువ్వే పెట్టు."